ఎండగట్టిన చెరువులో కౌబాయ్‌లు

వట్లూరులో నేనుండే గది నుంచి ఆ చేపల చెరువు గట్టు వరకు, నా స్కూటరు మీటరు ప్రకారం, ఇరవై ఒకటి పాయింట్ ఆరు కిలోమీటర్లు. ఆదివారాల్లో ఉదయం ఆరుంబావుకు బయలుదేరితే ఏడు దాటకముందే చేరేవాణ్ణి. చెరువు విస్తీర్ణం ఆరెకరాలు. చేపలు పట్టేశాక నీరు తోడి అడుగు ఎండగట్టారు. మళ్ళీ నీరు పెట్టడానికి నెల గడువుంది. కొల్లేటి చుట్టుపక్కల ఎడారి అనదగినది దొరకాలంటే అలాంటి నెల కోసమే కాచుకోవాలి.

ఎడారి కావలసినవాడు తాడేపల్లిగూడెంలో ఫొటో స్టూడియో నడిపే ఒకాయన. ఇరవయ్యేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీసి విసిగి, పాత కౌబాయ్ చిత్రాలను ఆటపట్టిస్తూ ఒక హాస్యచిత్రం తలపెట్టాడు; దర్శకుడూ ఆయనే. అందులో కథానాయకుడు గేదె మీద వస్తాడు. ఊరి పోలీసైన షెరిఫ్ ఛాతీ మీద నక్షత్రం నూనె డబ్బా మూతలోంచి కత్తిరించింది. నడినెత్తి ఎండలో తుపాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు వీరులు, క్యారేజీలు వచ్చాయని వినగానే పోరాటం ఆపి భోజనానికి కూర్చుంటారు. ఆ పాత చిత్రాల్లో గాలికి దొర్లే ఎండు పొదల స్థానంలో ఎండిన గుర్రపుడెక్కను ఉండలు చుట్టారు. అవి గాలికి దొర్లలేదు. నైలాన్ దారం కట్టి లాగించాం.

నా ఉద్యోగం రైసు మిల్లుల్లో లారీ కాటాలను సరిచూడటం. ఒక మిల్లులో నేను కాటా పునాది కొలుస్తుండగా ఆ స్టూడియో ఆయన చాలాసేపు నిలబడి చూశాడు.

"ఏవండీ, మీరు ఆ టేపు పట్టుకుంటే ఎవరికో ఆయువు తీరిపోయినట్టుందండీ. మా సినిమాలో శవపేటికలు చేసే వడ్రంగి వేషం ఖాళీగా ఉంది. వేస్తారాండీ?"

ఇంకొకప్పుడైతే కాదనేవాణ్ణే. నా భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. ఆదివారం గదిలో రేడియో పెట్టుకుని, మరొక మనిషి గొంతు వినకుండా సోమవారం ఉదయం దాకా గడిపిన వారాలు చాలా ఉన్నాయి. నాకు మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువు ఉండిలో ఉండే మా అక్క. ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడిగేది: "నలుగురిలో తిరుగుతున్నావంట్రా?" తిరుగుతున్నానని చెబితే నమ్మేది కాదు. వేషం సంగతి చెప్పిన రోజున మాత్రం, "అయితే తెర మీద నిన్ను చూస్తానన్నమాట. అప్పుడు నమ్ముతాలే," అంది.

అందుకని ఒప్పుకున్నాను.

నా సన్నివేశం చిన్నది. ప్రతినాయకుడు పోరాటానికి ముందు వచ్చి తన పేటిక తానే చేయించుకుంటాడు. నేను అతణ్ణి కొలిచి, పొగుడుతూ, "ఏడడుగులు, దొరా," అనాలి. ఆ వేషం వేసిన మిల్లు గుమాస్తా ఎత్తు అయిదడుగుల నాలుగున్నర అంగుళాలు. హాస్యమంతా అందులోనే ఉంది. టేపు లాగాను. అంకె చూశాను. నోట్లోంచి వచ్చింది అయిదడుగుల నాలుగున్నర.

"మాస్టారూ, ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరు నవ్వుతారండీ?" అన్నాడు దర్శకుడు.

"నన్ను పొట్టివాణ్ణని ఊరందరి ముందూ చాటింపు వేయించడానికా ఈయన్ని తెచ్చారు?" అన్నాడు గుమాస్తా, టోపీతో విసురుకుంటూ.

మళ్ళీ తీశారు. ఏడడుగులు అన్నాను కానీ, అన్న మరుక్షణం నా కళ్ళు టేపు మీదకు వెళ్ళాయట. మూడోసారి మాట తడబడింది. చివరకు దర్శకుడు కెమెరాను కిందికి దించి, "ఇక మాట్లాడకండి, కొలవండి చాలు," అన్నాడు. కొలిచాను. చుట్టేముందు అలవాటు కొద్దీ టేపును రుమాలుతో తుడిచాను. మా నాన్న వడ్రంగం చేసేవారు. ఈ ప్రాంతపు తేమకు ఇనుము ఊరికే తుప్పు పడుతుందని, టేపును కండువాతో తుడవనిదే చుట్టేవారు కాదు. ఆ ముక్క బాగుందని దగ్గరగా మరోసారి తీసుకున్నారు. మొహం కనబడే ముక్కలకు అది అదనమనుకున్నాను.

మధ్యాహ్నం అందరం గట్టు మీద వరసగా కూర్చుని తినేవాళ్ళం. నా క్యారేజీలో ఒకటే గిన్నె. అది చూసి గుమాస్తా తన ఇంటి నుంచి తెచ్చిన చేపల పులుసు నా అన్నం మీద అడగకుండానే వంచేవాడు. "పొట్టివాడి పులుసండీ, కొలవకుండా తినండి," అనేవాడు. ఆ నాలుగు వారాల్లో నేను నవ్వినది తెర కోసం కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తాడేపల్లిగూడెంలోని ఒక మిల్లు గోడౌనులో ప్రదర్శన. కిటికీలకు గోనె పట్టాలు కట్టారు. పక్క కుర్చీ మీద రుమాలు వేసి అక్క కోసం ఉంచాను.

"ఏవండీ, ఇక్కడెవరైనా ఉన్నారాండీ?" అని ఒక పెద్దావిడ అడిగింది.

"వస్తారండి."

మోకాలు పట్టేసిందని, బస్సెక్కలేనని అప్పుడే అక్క ఫోను చేసింది. రుమాలు తీసి, ఆవిడను కూర్చోమన్నాను.

నా సన్నివేశం వచ్చింది. తెర నిండా రెండు చేతులు, ఒక టేపు. మొహం లేదు. "ఏడడుగులు, దొరా," అన్న గొంతు షెరిఫ్ వేషం వేసిన ట్యుటోరియల్ మాస్టారిది. చేతులు టేపును శ్రద్ధగా తుడిచి చుట్టేసరికి గోడౌను దద్దరిల్లింది. అంతగా మరే సన్నివేశానికీ నవ్వలేదు. పక్కావిడకు నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చాయి.

"ఎవడో గానీ, శవాన్ని కూడా మోసం చేయడండీ," అంది. రుమాలు ఇచ్చాను. నేనేనని చెప్పలేదు. బయట దర్శకుడి చుట్టూ జనం ఉన్నారు. దూరం నుంచే చెయ్యెత్తి, వచ్చేశాను.

మర్నాడు అక్కకు ఫోనులో చిత్రం పంపాను. సాయంత్రం తనే ఫోను చేసింది.

"రెండుసార్లు చూశానురా. గేదె బాగా చేసింది. నువ్వెక్కడా కనబడలేదేం?"

"ఉన్నానక్కా."

"ఏమోరా, వేషాల్లో పోల్చుకోలేకపోయాను. కానీ ఆ పెట్టెలు చేసేవాడి చేతులున్నాయి చూడూ, అచ్చం నాన్న చేతులే. ఆ టేపు తుడవడం అదీ. ఎవర్రా అతను? మన వైపు మనిషేనా?"

చెబుదామనే అనుకున్నాను. అవతల ఆమె ముక్కు చీదడం వినిపించింది. నాన్నను చూసిన మనిషికి నన్ను చూపించడం ఆ క్షణాన చేతకాలేదు.

"మన వైపే అక్కా," అన్నాను.

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

చెరువుకు నీరు పెట్టేశారు. ఖర్చు: నాలుగు ఆదివారాల పెట్రోలు, వేషం కోసం అద్దెకు తెచ్చిన నల్లకోటు ఇస్త్రీ. నష్టం: గట్టు పక్క కాలువ బురదలో జారిపోయిన స్టీలు టేపు ఒకటి, చేతిరుమాలు ఒకటి, ఆదివారం వెళ్ళే చోటు ఒకటి.