కారుకు మంజీరా, నాకు బోరు

ఒక కారును చూసి అసూయపడిన మూర్ఖుణ్ని నేను. అది పక్కింటివాళ్లదయితే లోకం క్షమించేది, మా ఇంటి కారే. కొబ్బరినూనె వాసన తగిలితే అందరికీ అమ్మ ఒడి గుర్తొస్తుందట. నాకు నాయిన రోజూ కొబ్బరినూనె పూసి మెరిపించిన ఆ నల్లకారు బంపరు గుర్తొచ్చి ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి ముందుండే ఆ పాతకాలపు బండిని నాయిన షూటింగులకు కిరాయికిచ్చేవాడు. మాకు అన్నం పెట్టేది అదే కాబట్టి దానికి తుప్పు పట్టకూడదన్నది ఆయన పట్టు. బోరు నీళ్లలో ఉప్పని, కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు ముందు దానికి, మిగిలితే మాకు. వానపాట తీసిన రోజయితే చక్రాల వెనక బురద కడిగి, తలుపుల అడుగు చిల్లుల్లో చీపురుపుల్ల దూర్చి నీళ్లు కార్చి, అద్దం కింది సందులో ఇరుక్కున్న తురాయి పూలను ఒక్కొక్కటే ఏరి, గాలాడే నూలు దుప్పటి కప్పేవాడు. నా దుప్పటి జారితే ఎవరు చూశారు!

దసరాకు అందరూ బండ్లకు బంతిపూల దండలేస్తే, తడి పూల కింద చెమ్మ చేరుతుందని మా నాయిన దండను కారు ముందు నిలబెట్టిన నా మెడలో వేసి, బొట్టూ నాకే పెట్టి, హారతి మాత్రం కారుకిచ్చేవాడు. ముక్కు వంటింటి గారెల మీద, మెడ బంతిపూలలో, బలికి తెచ్చిన మేకపోతులా నిలబడేవాణ్ని.

ఒకనాడు షేక్‌పేటలో బడి విడిచేసరికి జోరువాన. షూటింగు నుంచి తిరిగొస్తున్న నాయిన నా పక్కన కారాపి, అద్దం వేలెడంత దించాడు.

"తడిసినవ్ గదరా! ఎక్కితే నీళ్లు సీట్లకెల్లి కిందికి జారి రేకును తింటయ్. నువ్వు నడువు, ఎన్క ఎన్క నేనొస్త."

నేను నడిచాను. లైట్లు వేసుకుని, హారన్ కొట్టకుండా, ఇల్లు చేరేదాకా నా వెనకే వచ్చాడు.

"కొడుకు తుమ్మితే లేదుగని, అది తుమ్మితే నీ పానం పోతది!" అని అమ్మ నాయినను దులిపేసింది. ఆ సీటు కన్నా నేను ఎక్కువని ఒక్కసారి అనిపించుకోవాలన్న పట్టుదల నాకు ఆ రోజే పట్టింది.

ఇప్పుడు ఫిల్మ్‌నగర్ గుట్టల మీద బండల్లేవు, అద్దాల మేడలున్నాయి. సినిమాకు పాత కారు కావాలంటే కంప్యూటర్లోనే పుట్టిస్తున్నారు. మాది మాత్రం తుప్పు మచ్చ లేకుండా నా తల కన్నా నల్లగా మెరుస్తోంది.

మొన్న ఆ కారులోనే నాయినను ఎక్కించుకుని జూబ్లీహిల్స్ నుంచి వస్తుంటే వాన దంచింది. కారాపి, దిగి, చొక్కా పిండితే బిందె నిండేంత తడిసి, మళ్లీ నా సీట్లో చతికిలబడ్డాను.

"ఏందిరా గిది! లే, సీటు తుడుస్త!" నాయిన భుజం మీది తువ్వాలు లాగాడు.

"నేను లెవ్వ."

వీపు గట్టిగా ఆనించి కూర్చున్నాను, ఆయన వేలు దూరే సందైనా లేకుండా. కాసేపు గొణిగాడు. చివరికి సీటు ఇంకా తడవకుండా ఉండాలంటే వేరే దారి లేక, నా తల తుడవడం మొదలుపెట్టాడు.