గోడవైపు కుర్చీ

మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరైనా లేచి లెక్కలు వివరించబోతే చాలు, ఆయన కుర్చీ కీచుమంటూ గిర్రున గోడవైపు తిరిగిపోతుంది. తెర మీద ఎన్ని రంగుల గ్రాఫులున్నా ఆయన చూసేది మాత్రం తెల్ల గోడనే. చెప్పేవాళ్ళకి కనిపించేవల్లా ఒక నున్నటి బట్టతల, దానికి చెరోవైపు చేటల్లాంటి చెవులు.

"సార్, గ్రాఫు చూడండి..."

"గ్రాఫు నువ్వు చూసుకో. నాకు నోటితో చెప్పు. గోడకి అర్థమైతే నాకూ అర్థమైనట్టే!"

సిటీ బస్సుల కంపెనీలో డేటా విభాగానికి ఆయనే పెద్ద. ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పారు కాబట్టి డైరెక్టర్ నుంచి డ్రైవర్ దాకా అందరికీ మాస్టారే. ఆ విభాగంలో చేరి మూడు నెలలైనా ఇంకా కొత్తమ్మాయిగానే చలామణి అవుతున్న పిల్ల ఒకతి ఉంది. లెక్కల్లో పిడుగు. కానీ నలుగురి కళ్ళు మీద పడ్డాయా, గొంతుకి తాళం పడిపోతుంది.

ఇంటర్వ్యూలోనూ అదే జరిగింది. పేరు అడిగితే పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. సరిగ్గా అప్పుడే మాస్టారి పెన్ను కింద పడింది. ఆయన బల్లకిందికి దూరారు. పావుగంటైనా బయటికి రాలేదు.

"దొరకట్లేదమ్మా," అని కిందనుంచి గొంతు వినిపించింది. "ఈలోగా సగటు అంటే ఏంటో చెప్పు. లెక్కలంటే పారిపోయే మా ఆవిడకి కూడా అర్థమవ్వాలి."

సాయం చేద్దామని హెచ్ఆర్ మేడమ్ కూడా వంగి దూరింది. ఖాళీ కుర్చీలకి కొత్తమ్మాయి గడగడా చెప్పేసింది. ఉద్యోగం వచ్చింది. పెన్ను దొరికిందో లేదో ఎవరికీ తెలీదు.

చేరాక అసలు చిక్కు తెలిసింది. మూడో నెల చివర డైరెక్టర్ల ముందు నిలబడి ఒక రిపోర్టు వినిపించాలి. వినిపిస్తేనే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. ఆమెకిచ్చిన పని బస్సుల ఆలస్యం. మాస్టారి ముందు మొదటిసారి అభ్యాసం చేసింది.

"సగటు ఆలస్యం నాలుగు నిమిషాలు, స్టాండర్డ్ డీవియేషన్ పన్నెండు..."

చెవులు రాయిలా ఉండిపోయాయి. నచ్చితే మాస్టారి ఎడమ చెవి కదులుతుందని ఆఫీసంతటికీ తెలుసు.

"గోడకి నిద్రొస్తోందమ్మాయ్. మళ్ళీ చెప్పు."

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది. "పొద్దుట్నుంచీ గోడకి చెప్పుకుంటున్నానే అక్కా!"

"మరి గోడేమంది?"

"మళ్ళీ చెప్పమంది."

"నయమే. మీ బావ ఆ మాట కూడా అనరు."

రోజూ అదే తంతు. మాటల మధ్య ఊపిరి తీసుకోమనేవారు మాస్టారు. ఒకసారి, "నాకు అంకె చెప్పకు. ఆ అంకెలో ఇరుక్కున్న మనిషి గురించి చెప్పు," అన్నారు. ఆ మాట విని ఆమె లెక్కల్ని మళ్ళీ తిరగేసింది. పది రూట్లు. తొమ్మిదింట్లో బస్సులు గడియారంలా వస్తున్నాయి. పదోది ఆస్పత్రి రూటు, నలభై నిమిషాలు లేటు. రిపోర్టు అలా మార్చుకొచ్చి చెప్పిన రోజు ఎడమ చెవి కొద్దిగా, చాలా కొద్దిగా, కదిలింది.

మీటింగు రోజు రానే వచ్చింది. ఏడుగురు డైరెక్టర్లు, పద్నాలుగు కళ్ళు. 'సగటు ఆలస్యం నాలుగు నిమిషాలే' అని బస్సుల వెనక రాయించడానికి పెద్ద డైరెక్టర్ అప్పటికే రంగు కూడా ఎంచుకుని కూర్చున్నారు. కొత్తమ్మాయి నోరు తెరిచింది. తాళం పడింది.

కీచుమని కుర్చీ తిరిగింది. "సార్, మీరంతా కూడా వెనకగోడ మీదున్న రూట్ మ్యాప్ చూస్తూ వినండి. అప్పుడే బాగా అర్థమవుతుంది," అన్నారు మాస్టారు.

"ఇదేం పద్ధతి మాస్టారూ?" అని గొణుక్కుంటూనే పెద్ద డైరెక్టర్ తిరిగారు. ఆయన తిరిగాక మిగతావాళ్ళకి తప్పుతుందా? ఎదురుగా ఎనిమిది వీపులు. కొత్తమ్మాయి ఊపిరి తీసుకుంది.

"నాలుగు నిమిషాలు లేటుగా వచ్చే బస్సు మన దగ్గర ఒక్కటి కూడా లేదు సార్. తొమ్మిది రూట్లు టైముకే వస్తున్నాయి. ఆస్పత్రి రూట్లో బస్సు మాత్రం నలభై నిమిషాలు లేటు. పొద్దున డ్యూటీకెళ్ళే నర్సు ఆ స్టాపులో నిలబడి, బస్సు వెనక నాలుగు నిమిషాలని చదివితే ఏమనుకుంటుంది?"

పెద్ద డైరెక్టర్ విసురుగా వెనక్కి తిరిగారు. "నలభయ్యా! రోజూనా?"

"రోజూ సార్. రైల్వే గేటు దగ్గర ఆగిపోతోంది. పావుగంట ముందు బయల్దేరదీస్తే గేటు పడకముందే దాటేస్తుంది."

అందరూ ఇటు తిరిగిపోయారు. పద్నాలుగు కళ్ళలోకీ చూస్తూ ఆమె ఇంకో అరగంట జవాబులు చెప్పింది. ఆ సంగతి ఆమెకే తెలీలేదు. ఉద్యోగం ఖాయమైంది. బస్సు వెనక రాత రద్దయింది.

టీ దగ్గర పక్క సీటు బాబాయ్‌ని అడిగింది. "బాబాయ్, మాస్టారికి ఈ గోడ పిచ్చి ఎన్నేళ్ళ నుంచి?"

"ఏళ్ళా! మూడు నెలలేనమ్మా. మెడ పట్టేసిందట, తెర వైపు తిరగలేకపోతున్నారట. అంతకుముందు మొహంలో మొహం పెట్టి మరీ వినేవారు, తుంపర్లు పడేవి!"

కొత్తమ్మాయి టీ వదిలేసి పరుగెత్తింది. "మాస్టారూ, మెడ ఎలా ఉంది?"

ఆయన మెడని అటూ ఇటూ శుభ్రంగా తిప్పి చూపించారు. "ఇవాళే తగ్గింది తల్లీ!"

"మీరు పుట్టినప్పట్నుంచీ ఇంతే అనుకున్నాను..."

"మూడు నెలల డేటాతో అరవయ్యేళ్ళకి లెక్కగట్టావా? శాంపిల్ చాలదమ్మాయ్! ఖాయం చేసి తప్పు చేశామా ఏంటి?" అన్నారు. రెండు చెవులూ కదిలాయి.

మరుసటి ఏడాది ఇంటర్వ్యూ బల్ల దగ్గర మాస్టారి పక్కన ఆమె కూడా కూర్చుంది. బారెడు మీసాలున్న పెద్దమనిషొకాయన వచ్చి, పేరు చెప్పబోయి కొయ్యబారిపోయాడు. మాస్టారు పెన్ను వదిలి, బల్లకిందికి వంగారు.

అక్కడ అప్పటికే ఆమె ఉంది.

"దొరకట్లేదు మాస్టారూ," అంది.

"తొందరేం లేదు," అన్నారాయన. "మెడ జాగ్రత్త."