పసుపు దారం కట్టిన కనెక్టర్

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మస్తాన్ బాబాయి. ఆటోనగర్‌లో మా నాన్న కార్ల వైరింగ్ షెడ్డు పక్కనే టింకరింగ్, అంటే రేకు పని, చేసేవాడు, ఇప్పుడు గన్నవరంలో చేస్తున్నాడు. నిన్న వచ్చి కాగితం పొట్లం విప్పగానే మాడిన రబ్బరు వాసన వేసింది. లోపల పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్, దానికి వెలిసిపోయిన పసుపు దారం.

"మీ నాన్న ముడేనమ్మా. ఆ ఎర్రకారు నా దగ్గరికే వచ్చింది. తుప్పు రేకు మారుద్దామని సీటు లేపితే కింద ఉంది."

నన్ను బడికి పంపలేదు. వైర్ల రంగులతో మొదలుపెట్టి అక్షరాల దాకా అన్నీ నాన్నే నేర్పాడు, ఆ షెడ్డులోనే. శ్రావణమాసపు ముసురులో రేకుల మీద వాన చప్పుడు, గ్రీజు వాసన, టిఫిన్ డబ్బాలో అమ్మ వ్రతం బూరెలు, తోరాలు కట్టగా మిగిలిన పసుపు దారం నాన్న జేబులో. అనుమానం వచ్చిన అతుకుకి ఆ దారం కట్టేవాడు. అది బాగుపడేదాకా విప్పేవాడు కాదు.

కంకిపాడు ఆసామి ఒకాయనకి రెండు తలుపుల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. వాన పడితే చాలు, ఆగిపోయేది. నాన్న లైట్లన్నీ వేసి, సీటు కింద ఎర్త్ వైరు కదపమన్నాడు. నేను కదపగానే లైట్లు గుడ్డివైపోయాయి.

"చూశావా బంగారం, బరువు పడితేనే దీని రోగం బయటపడుద్ది" అని ఆ వైరు కనెక్టర్‌కి దారం కట్టాడు. విప్పి శుభ్రం చేయబోతుండగా ఆసామి ఇంకో మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మెకానిక్ టెస్ట్ ల్యాంప్ పెట్టాడు. వెలిగింది.

"భేషుగ్గా వెలుగుతుందిగా! ఏంటయ్యా, కారుకి తాయెత్తు కట్టావా?" అని ఆసామి నవ్వాడు.

"బల్బుకి వైరులో ఒక్క పోగు అంటుకున్నా చాలండీ, స్టార్టర్‌కి చాలదు. అరగంట ఇవ్వండి."

ఇవ్వలేదు. కారు తీసుకుపోయారు. అది మళ్లీ ఆగిపోతే, మంచి వైర్లు నాన్నే కోసేశాడని ఆసామి ఆటోనగరంతా చాటించాడు. మా షెడ్డుకి కార్లు రావడం మానేశాయి. ఆ మాట మోస్తూనే నాన్న పోయాడు.

ఇన్నేళ్లూ ఆ ముడి ఎవరూ విప్పలేదు. ఒక్క వైరు మీద కూడా కోత లేదని బాబాయి చెప్పాడు. ఆయన కనెక్టర్ మార్పించగానే కారు వానలోనే స్టార్టయిందట. అది విని ఆసామి "పాపం, మంచి పనివాడు" అన్నాడట. పాపమా! అరగంట ఇవ్వని మనిషికి ఇప్పుడు జాలి పుట్టిందా? కడుపు మండిపోతోంది. అమ్మవారికి, మస్తాన్ బాబాయికి చేతులెత్తి మొక్కుతాను. ఆ ఆసామిని క్షమించమని మాత్రం నన్నెవరూ అడగొద్దు.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కార్లు కడుగుతున్నారు. ఆ గ్రీజు వాసన లేదు, ఆ దారం కట్టే చెయ్యీ లేదు. మీ కారు ఎప్పుడైనా వానలో ఆగితే మా నాన్న వెంకటరత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఏ వైరూ కోయలేదు.