మిషన్ నన్ను ఈడ్చుకుపోయిన రోజు

నాలుగేళ్ల కిందట మాట. మా ఆయన కాంక్రీటు ఫ్లోర్లకు పాలిష్ పట్టేవారు. నేను వెంట ఉండి నీళ్లు పోస్తూ, బురద తోసేదాన్ని. డోన్‌లో ఒక బట్టల షాపు పని సగంలో ఉండగా ఆయనకు నడుము పట్టేసి మంచాన పడ్డారు. వారంలో షాపు ప్రారంభం. దాంతో నేనే వెళ్లి మిషన్ ముందు నిలబడ్డాను.

"ఆడమనిషివి, నువ్వేం పాలిష్ పడతావమ్మా? వేరే మేస్త్రీని పిలుచ్చుకుంటాలే," అన్నాడు యజమాని.

"ఒక్క గది చూడన్నా. బాగలేకపోతే నేనే పోతా," అన్నాను.

స్విచ్ వేయగానే మిషన్ గిర్రున తిరిగి నన్ను ఈడ్చుకుపోయింది. బూడిదరంగు బురదలో బోర్లా పడ్డాను. పెయింటర్లు పని ఆపి మరీ నవ్వారు. యజమాని పరుగున వచ్చి స్విచ్ ఆపి, "చెప్తి గదమ్మా, ఇంటికి పో!" అని అరిచాడు.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతలోనే మొండితనమూ వచ్చింది.

"పడింది నేను గదన్నా, ఫ్లోరుకేమైంది? నేను యాడికీ పోను," అని మళ్లీ స్విచ్ వేశాను.

ఈసారి మిషన్‌తో పెనుగులాడలేదు. హ్యాండిల్ నడుముకు ఆనించి, దానితోపాటే మెల్లగా అడుగులు వేశాను. ఐదు రోజుల్లో షాపంతా పూర్తయింది. నేలలో అద్దంలోలా ట్యూబులైట్లు కనబడుతున్నాయి. యజమాని వంగి చేత్తో తడిమి చూశాడు.

"శానా బాగుండాదమ్మా. కడపలో మా బావ ఇల్లు కడతాండాడు. మీ ఆయన్ని పంపిస్తావా?"

"ఆయన రాడన్నా, నేనే వస్తా. ఇష్టముంటేనే పిలవమను."

పిలిచారు. ఇప్పటికీ కొత్త చోటికి వెళితే, నా వెనక మగమనిషి ఎవరైనా వస్తున్నాడేమోనని జనం తొంగిచూస్తారు. చూడనీ అనుకుని నేను ఆటోలోంచి మిషన్ దింపుకుంటాను.