చుట్టం లేని రేవు లేదు

మా పేటలో ఆడవాళ్ళు ఊరు చూడటానికి బయల్దేరడం అనేది నాతోనే మొదలైంది. గొప్పకి చెప్పడం లేదు, జరిగింది అదే.

మాది విజయనగరం జిల్లా సముద్రపొడ్డు. మగవాళ్ళు వేటకి పోతారు, మేం చేపలు గంపలకెత్తుకుని పైఊళ్ళలో అమ్ముతాం. ఆటోలో విజయనగరం, అక్కణ్ణించి పాసింజరు రైల్లో గరివిడి, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస. ఏ ఇంట్లో వంజరం కొంటారో, ఏ ఇంట్లో చవక కవళ్ళు దాటి పైకి పోరో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కానీ ఊరు చూశావా అంటే చూడలేదు. స్టేషను, సంత, వాడుక ఇళ్ళు, మళ్ళీ స్టేషను. ఇంతే.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మా బడిలో రాత్రిపూట చెప్పేవారు. అంతవరకూ గరివిడి అంటే నాకు ఫ్యాక్టరీ పొగ గొట్టం, పొందూరు అంటే ప్లాట్‌ఫారం మీద తెల్ల ఖద్దరు మూటలు. ఆ గుర్తులు చూసే దిగేదాన్ని. పొగమంచు రోజుల్లో పక్కవాళ్ళని అడిగేదాన్ని. బోర్డు చదివి దిగిన మొదటిరోజు గంప బరువు తెలీలేదంటే అబద్ధం. బరువు బరువే. కానీ ఎవర్నీ అడక్కుండా దిగాను.

గరివిడి క్వార్టర్సులో నా వాడుక ఇంటావిడ ఒకామె బడిలో టీచరు. ఒకనాడు నేను చేపలు బాగుచేస్తుంటే ఫోనులో బొమ్మలు చూపించింది. చింతచెట్ల నిండా పెద్ద పెద్ద పక్షులు. ఏ దేశమని అడిగాను.

"ఏ దేశమూ కాదు, టెక్కలి పక్కన తేలినీలాపురం. చలికాలంలో వస్తాయి. సముద్రం పక్కనుండేదానివి, ఇవన్నీ చూసే ఉంటావనుకున్నాను" అంది.

"నాకు మా ఒడ్డు తప్ప ఇంకో ఒడ్డు తెల్దమ్మా" అన్నాను.

అన్నాక ఆ మాట నాకే గుచ్చుకుంది. మా మగవాళ్ళు పడవల మీద ఒడిశా దాకా పోయొచ్చినవాళ్ళు. బారువ లైట్‌హౌసు ఇలాగుంటుంది, కళింగపట్నంలో వంశధార ఇలా కలుస్తుంది అని చుట్ట కాలుస్తూ చెబుతుంటే మేం గంపలు కడుగుతూ వినేవాళ్ళం. ఆ ఏడే, హుద్‌హుద్ తుఫాను మా కప్పులు ఎత్తుకెళ్ళి రెండేళ్ళయింది, మళ్ళీ ఇళ్ళు నిలబెట్టుకున్నాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపించింది.

మా పేటకి పెద్ద మా బావే, మా ఆయనకి అన్న. వలల దగ్గర నలుగురూ కూర్చున్నప్పుడు వెళ్ళి చెప్పాను. మూడు రోజులు, ఒక వ్యాను, మేమంతా ఆడవాళ్ళం.

"ఏటే మరదలా, నాలుగు అచ్చరాలు వచ్చీసరికి దేశం ఏలేద్దామనా?" అన్నాడు.

"దేశం నాకొద్దులే బావా. బారువ దాకా సాలు."

"మీరు నేకపోతే సేపలు ఎవులమ్ముతారే? సావుకారు ఎంతంటే అంతకే ఒగ్గేయాల."

"ఏడాదంతా మేమే అమ్ముతన్నాం గదా. మూడ్రోజులు ఆ బాధేటో మీరూ సూడండి."

నలుగురూ నవ్వారు. బావ నవ్వలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "నాలుగోనాడు తెల్లారి పడవలొచ్చీసరికి అందరూ ఒడ్డునుండాల. ఒక్కర్తి తగ్గినా, ఆలిసమైనా, ఇంక ఈ పేటలో ఆడది ఊరు సూడ్డానికెల్లే మాట ఎత్తకూడదు. నీ తరవాతోలు కూడాను."

నీ తరవాతోలు అన్న ముక్క నాకు నచ్చలేదు. అయినా సరే అన్నాను.

తుఫాను షెల్టర్ గచ్చు మీద సుద్దముక్కతో దారి గీశాను. శ్రీకాకుళం, కళింగపట్నం, తేలినీలాపురం, భావనపాడు, బారువ. ఊరి పేరు రాసి, పక్కన అక్కడ మనకెవరున్నారో రాశాను. కళింగపట్నం దగ్గర మా మేనత్త కూతురు, నాకు వదిన. భావనపాడులో మా పిన్ని అక్కచెల్లెళ్ళు. బారువలో వియ్యాలవారు. మా కులంలో చుట్టం లేని రేవు ఉండదు. ఎక్కడా సత్రం వెతుక్కోనక్కర్లేదు, హోటలు మెట్లెక్కనక్కర్లేదు. ఇంతకంటే బాగా ఏ చదువుకున్నవాడూ దారి వెయ్యలేడని మురిసిపోయాను. దాని ఫలితం మొదటి రోజే చూశాను.

మాఘమాసంలో చలి ఇంకా పోకముందే బయల్దేరాం. డ్రైవరు గజపతినగరం వైపు మనిషి, శ్రీకాకుళం దాటి ఎన్నడూ పోలేదట. నేను ముందు సీట్లో కూర్చుని వచ్చిన ప్రతి బోర్డూ పైకి చదివాను. ఊళ్ళ పేర్లు, టైర్ల కొట్లు, పెట్రోలు బంకులు, ఏదీ వదల్లేదు. వెనకనుంచి మా పిన్ని, మాలో అందరికన్నా పెద్దది, "ఒసే, ఊళ్ళ పేర్లు సదువు సాలు, సిమెంటు కంపెనీలు మాకేటికే?" అని అరిచింది. నేను మానలేదు.

కళింగపట్నంలో అనుకున్నది ఇదీ: వదిన ఇంట టీ తాగి, లైట్‌హౌసు చూసి, నది సముద్రంలో కలిసేచోట కాళ్ళు కడుక్కుని, పొద్దుండగానే పక్షుల దగ్గరికి. వదిన మమ్మల్ని చూసి ఏడ్చింది, నవ్వింది, డ్రైవరుని కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. మజ్జిగ తాగేలోపు బండి తాళం మాయమైంది.

"వదినా, తాళమేదే?"

"బియ్యం డబ్బాలో ఉన్నాది. తిన్నాక తీస్తాను."

"టీ సాలంటే వింటావేటి?"

"టీ తాగి ఎల్లిపోడానికి నువ్వు కరెంటు బిల్లు కొట్టేవోడివా? కూకో!"

సముద్రం వాళ్ళం, చుట్టాలకి చేపల కూర పెడితే మాకు మర్యాద కాదు. కోడే కావాలి. కోడిని పట్టాలి, అది దొరకాలి, ముందు మసాలా నూరాలి. మేం తిని లేచేసరికి పొద్దు వాలిపోయింది. ఆ వేళప్పుడు ఆడవాళ్ళని పంపిస్తే ఊరు ఉమ్మేస్తుందని చాపలు పరిచేసింది. లైట్‌హౌసు దీపం ఆ వాకిట్లోంచే చూశాం. అదొక్కటీ బాగుంది.

మర్నాడు పొద్దున్న తాళం అడిగితే వదిన నన్ను వింతగా చూసింది. "నిన్న తిన్నది నా ఇంట. ఇయ్యాల మా తోటికోడలి ఇంట తినకండా ఎల్తే అది నన్ను బతకనిస్తాదేటి?" అంది. తోటికోడలు అప్పటికే కోడిని పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దాని వెనక ఇంకొకామె. ఆమె చేతిలోనూ కోడే.

డ్రైవరు నా దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. "అమ్మా, తిండికి లోటు నేదు గానీ, బారువలో కూడా మీకు సుట్టాలున్నారా?"

"ఉన్నారు."

"దార్లో?"

"అన్ని రేవుల్లోనూ ఉన్నారు."

"అయితే నాను ఇంటికి ఫోన్ సేసి ఉగాదికొస్తానని సెప్పేస్తాను" అన్నాడు.

అప్పుడే బావ ఫోను. "ఏటే, ఎక్కడున్నారు? బారువేనా?"

"కళింగపట్నం."

ఫోనులో నవ్వు విన్నాను. వెనక ఇంకో నలుగురి నవ్వు. "నడిసెల్లినోడు కూడా సేరిపోయుండునే! కంగారేటి నేదు, అక్కడే ఉండి తిని రండి."

చుట్టరికాన్ని దాటి పోదామంటే అదీ కుదరదు. ఆ గుమ్మంలో తిని ఈ గుమ్మంలో తినకపోతే రేపు పెళ్ళిళ్ళలో పేరు పెట్టి మరీ అంటారు. తింటూ పోతే నాలుగోనాటికి టెక్కలి కూడా దాటం. వదిన వాకిట్లో రోటి మీద కూర్చుని ఆలోచించాను. గంగమ్మ పండగనాడు ఇంటింటి కుండా ఒడ్డుకే వస్తుంది. అన్నీ ఒక్కచోట దింపి, అందరూ అన్నింట్లోంచీ తింటారు. ఆ రోజు నా ఇంట తినలేదేమని ఎవరూ అలగరు. ఎందుకంటే ఎవరింట్లోనూ ఎవరూ తినలేదు.

లేచి నిలబడి చెప్పాను. "కోడిని కొయ్యండి. కూర వండి కుండతో పాటు మీరూ బండెక్కండి. తినడం తేలినీలాపురంలో, పచ్చుల దగ్గిర. అక్కడైతే ఎవలి ఇల్లూ కాదు."

వదిన నోరు తెరిచింది. "నాను ఎక్కడికొస్తానే? నానెన్నడెల్లినాను?"

"నేనూ ఎన్నడూ ఎల్లనేదు. ఎక్కు."

భావనపాడుకి ఫోను చేశాను. మీ ఊరు మేం రావడం లేదు, మీరే కుండలతో పక్షుల దగ్గరికి రండి అన్నాను. ముందు అలిగారు. తరవాత అవతలామె గొంతు తగ్గించి, "ఇంత దగ్గిరుండి మేమూ ఇంకా సూడనేదే" అంది. బారువవాళ్ళకి, పొద్దుపోయాక ఒడ్డుకి రమ్మని చెప్పాను. తాళం తీసి వదినే డ్రైవరు చేతిలో పెట్టింది. బయల్దేరేసరికి వ్యానులో కాలు పెట్టే చోటు లేదు. ఒళ్ళో ఒకరు, ఒకరి ఒళ్ళో కుండ.

నౌపాడ దగ్గర ఉప్పు కుప్పలు ఎండకి మెరుస్తుంటే అందరం కళ్ళు చికిలించుకుని చూశాం. భావనపాడువాళ్ళు మాకన్నా ముందే వచ్చేశారు. ఐసుపెట్టెలు మోసే బండిలో, పెట్టెలు బోర్లించి వాటి మీద కూర్చుని.

అక్కడి కాపలా మనిషి మమ్మల్ని చూసి భయపడ్డాడు. "అమ్మా, గూళ్ళలో పిల్లలున్నాయి. గట్టిగా మాట్లాడకండి" అని దణ్ణం పెట్టాడు. చేపలమ్మే ఆడదాని గుసగుస వీధి చివరికి వినబడుతుంది. మా పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. తలెత్తి చూశాం. చింతచెట్టు కొమ్మ కొమ్మకీ గూళ్ళు, గులాబీ రంగు తోకల కొంగలు. గూడబాతు ఒకటి వచ్చి వాలింది. దాని ముక్కు కింద సంచి వేలాడుతోంది, దాన్నిండా చేపలు. పిల్ల తల మొత్తం ఆ సంచిలో దూర్చి తింటోంది.

పిన్ని కొంగు తీసేసింది. "ఒలమ్మా! అది గంప దవడకే కట్టీసుకున్నాదే! రైలెక్కక్కర్నేదు, టీసీతో తగువక్కర్నేదు!"

ఎవరూ ఆపుకోలేకపోయాం. నోళ్ళు మూసుకుని, ఒకరి భుజాన ఒకరు పడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. కాపలా మనిషి కూడా తల తిప్పుకుని నవ్వాడు. తరవాత ఊరి బయట తోటలో కుండలన్నీ దింపాం. ఎవరి కూర ఎవరు తిన్నారో ఎవరికీ తెలీదు. ఎవరూ అలగలేదు.

చీకటిపడే వేళకి బారువ, భావనపాడు బండి కూడా మాతోనే వచ్చింది. అక్కడా అంతే, ఒడ్డుమీదే కుండలు, గుడి పక్క సత్రంలో పడక. తెల్లవారి సముద్రంలోంచి సూర్యుడు లేస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. పడమటి కొండలు ఎర్రగా, దగ్గరగా ఉన్నాయి. మగవాళ్ళు ఇన్నేళ్ళు చెప్పిన దాంట్లో ఆ కొండల మాట లేదు. వాళ్ళు చెప్పలేదో, నీళ్ళే చూసుకున్నారో.

మూడోరోజు తిరుగుదారి పట్టబోతే వదిన బండి దిగలేదు. భావనపాడు బండీ ఇంటిదారి పట్టకుండా మా వెనకే. "మీరు మా వైపు సూసేరు. మీ ఊరు మేం సూడొద్దేటి?" అన్నారు. బారువవాళ్ళు కొందరు ఇంకో ఆటో మాట్లాడుకున్నారు. నేను వద్దనలేదు. ఎందుకంటాను?

పొద్దుగూకకముందే పేటలోకి వచ్చాం. బావ వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్న బళ్ళు చూసి లేచి నిలబడ్డాడు.

"అందరూ వచ్చేరా?" అన్నాడు.

"ఎక్కువే వచ్చేరు. సుట్టాలు బావా. పెద్ద ఇల్లు నీదేగదా" అన్నాను.

చుట్టాలు గుమ్మంలో నిలబడ్డాక పేట పెద్ద ఏమంటాడు? ఆ సాయంత్రం మా బావ కోళ్ళ వెనక పరిగెత్తడం నేను కుర్చీ వేసుకుని మరీ చూశాను.

తెల్లారి పడవలొచ్చాయి. సావుకారు ఎప్పట్లా ముందే వచ్చి నిలబడ్డాడు. మూడు రోజులు తను చెప్పిందే ధర అయి, మనిషి కొంచెం లావయినట్టు కనబడ్డాడు. బావ మొదటి గంపకి వేలంపాట మొదలెట్టాడు. సావుకారు తన ధర చెప్పాడు. వెనకనుంచి మా వదిన దానికి పైమాట వేసింది. భావనపాడామె దాని మీద వేసింది. వాళ్ళూ చేపలమ్మేవాళ్ళే, ఐసుపెట్టెల బండి పక్కనే ఉంది, దారిలో శ్రీకాకుళం ఉంది. సావుకారు అటూ ఇటూ చూసి పెంచాడు. వదిన ఇంకా పెంచింది. పాట పాడుతున్న మా బావ గొంతు గంప గంపకీ లేస్తూనే ఉంది. మగవాళ్ళు వలలు వదిలేసి చుట్టూ మూగారు. ఆ ఏడు మా ఒడ్డున అంత ధర పలకలేదు.

పాట అయ్యాక బావ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. నావైపు చూడకుండా, "వచ్చే ఏడు కూడా ఎల్లండి. ఒక రోజు ఆలిసమైనా పర్నేదు. ఆళ్ళని మాత్రం తోలుకొచ్చీండి" అన్నాడు.

ఒడ్డున అందరిలోనూ అన్నాడు. కానీ వెనకున్న మా కోడళ్ళకి వినబడలేదేమోనని, నేను బావ చేత మళ్ళీ ఇంకోసారి గట్టిగా అనిపించాను.