కోడలు సైకిల్ దిగలేదు

ఈ రోజు పొద్దున్నే నేనూ మా కోడలూ ఇక్కడ బహ్రెయిన్‌లో జింకలు తిరిగే పార్కులో సైకిళ్లు తొక్కాం. కార్లు రాని ఇసుక దారి. పొగమంచులో పొదలన్నీ నిద్రపోతున్నట్టున్నాయి. తొక్కాలని ఆమెకెంతో ఆశ. కానీ మామనైన నన్ను దాటాల్సి వస్తే చాలు, మర్యాదకు దిగి సైకిల్ తోసుకుంటూ నడుస్తోంది.

"గిట్లయితే సైకిలే నీ మీద ఎక్కుతది బిడ్డా."

"పెద్దోళ్ల ముందట ఎట్ల తొక్కాలె మామా?"

"అయితే నేను జింకను చూస్తున్న. నువ్వు నాకు కనవడవు."

అటు తిరిగి నిలబడ్డాను. వెనక గంట మోగింది. చల్లగాలి తాకింది. చూస్తే ఆమె మంచులో తేలిపోతూ ఎంతో దూరం వెళ్లిపోయింది. పిలవబోయి ఊరుకున్నాను.

మీ ఇళ్లల్లో ఇంకా ఎవరైనా దిగుతున్నారా? మామలూ, కాస్త అటు తిరగండి.