చప్పుడు చేయని డబ్బా

అదే నేనూ అంటున్నాను, జావమ్మ ముక్కుకేమీ లోటు లేదు, తీర్చి దిద్దినట్టు ఉంటుంది. దానికి వాసన తెలియదు, అంతే. మొన్న ఇక్కడే కదా ఆపాను? మా మనవడు లేచి రాగం అందుకున్నాడు, నేను వాడి వెనక పరుగెత్తాను. ఇవాళ వాడు వాళ్ళమ్మతో బజారుకెళ్ళాడు. మొత్తం చెప్పేస్తాను. మధ్యలో అడ్డు రాకండి, వస్తే ఇంకే కథలోకో దూరిపోతాను. బడి నుంచి రిటైరయ్యాను గానీ నోటికింకా రిటైర్మెంటు రాలేదు.

మా వీధి మలుపులో పసిపిల్లల క్రెష్ ఉంది. తల్లీతండ్రీ ఇద్దరూ పనికి పోయే ఇళ్ళవాళ్ళు పిల్లల్ని పొద్దున వదిలి సాయంత్రం తీసుకుపోతారు. జావమ్మ అక్కడ వంటమనిషి. జావ కాచి పోస్తుంది గనక పిల్లలు పెట్టిన పేరది. పెళ్ళయిన కొత్తలో అంట్లు తోమడానికి చేరి, గరిటె చేతికొచ్చేదాకా ఎదిగింది. భర్త పోయాక మరిది ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. సొంత పిల్లలు లేరు. క్రెష్‌లో మాత్రం కొంగు పట్టుకుని వేలాడేవాళ్ళు బోలెడుమంది. ముద్ద నోట్లో పెట్టుకుని మింగని మొండిఘటాలని కూడా మాటల్లో పెట్టి గిన్నె ఖాళీ చేయించేది. మా వాడూ ఆ మొండిఘటాల్లో ఒకడే.

ఒకసారి దానికి జ్వరం వచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ వాసనని వెంటబెట్టుకుపోయింది. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడట డాక్టరు. రాలేదు. వంటమనిషి ఈ మాట బయట ఎలా చెప్పుకుంటుంది? నెట్టుకొచ్చింది. పాలు పొంగబోయే ముందు గిన్నెలో వచ్చే సన్నటి చప్పుడుకి చెవి ఒగ్గేది. ఉల్లిపాయ వేగిందో లేదో రంగు చూసేది. కానీ పాలు చెడ్డాయా, గ్యాసు కారుతోందా అన్నవి చెవికీ కంటికీ అందవు కదా. అందుకని తోడికోడలికి చెప్పుకుంది. తోడికోడలంటే ఆ మరిది భార్యే. క్రెష్ వంటింట్లోనే కూరగాయలు తరిగే పని, జావమ్మే బతిమాలి పెట్టించింది.

"నా ముక్కు ఊరికే వస్తుందనుకున్నావా అక్కా," అందట తోడికోడలు, నవ్వుతూనే. "ఇకనుంచి ఇంట్లో అంట్లు నీవి."

"సరేలేవే."

"బట్టలు కూడా."

"సరేనన్నానుగా."

"మొహం అలా పెట్టకు, నిజంగానే పాలు విరుగుతాయి."

అప్పట్నుంచి పొద్దున్నే పాలక్యాను మూత తీయడం, తోడికోడలు వంగి వాసన చూడడం, బాగుంటే గరిటెతో క్యాను మీద ఒక దెబ్బ కొట్టడం. కొట్టకపోతే పారబోయాలి. ఒక్కోరోజు పాలు బాగున్నా కావాలనే కొట్టేది కాదట. పక్కనే నిలబడి జావమ్మ మొహం ఎర్రబడుతుంటే చూసి, "కొడతాలే, ఏడవకు" అనేదట. ఇవన్నీ తర్వాత జావమ్మే మా వరండాలో కూచుని చెప్పింది.

ఇక ఆటకొస్తాను. క్రెష్‌కి కొత్తగా ఒక టీచరు వచ్చింది, పాతికేళ్ళు కూడా ఉండవు, హుషారు ఒలికిపోతుంటుంది. పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి 'వంటింట్లో సైన్సు' పెట్టింది. నేను ముందు వరసలో. మూతలకి చిల్లులు పొడిచిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కోదాంట్లో వంటింటి వస్తువు ఒకటి. కళ్ళకి రుమాలు కట్టుకుని, డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని, లోపలేముందో చెప్పాలి. వాసనంటే గాలిలో తేలే, కంటికి ఆనని రేణువులనీ, అవి ముక్కులోకి వెళితేనే మనకి తెలుస్తుందనీ ఆ పిల్ల ఎంత ముచ్చటగా చెప్పిందో. మళ్ళీ ఉద్యోగంలో చేరిపోదామనిపించింది నాకు. ఒక బుడతడు కాఫీపొడి డబ్బా వాసన చూసి "మా నాన్న" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వులు.

అక్కడితో అయిపోతే బాగుండేది. పిల్లలు జావమ్మ కూడా ఆడాలని పట్టుబట్టారు.

"పొయ్యి మీద సూప్ ఉంది నాన్నా," అంటూ అది తలుపు వైపు జరిగింది.

"సూప్ నేను దించేశా అక్కా. ఆడు, పిల్లలు అంత ముద్దుగా అడుగుతుంటే," అని తోడికోడలు భుజాలు పట్టుకుని మరీ కుర్చీలో కూలేసింది. రుమాలు కూడా తనే కట్టింది.

మొదటి డబ్బా. జావమ్మ చెవి దగ్గర పెట్టి మెల్లిగా ఊపింది. "లవంగాలు." చప్పట్లు. రెండోది కూడా ఊపింది. "కాఫీపొడి." మళ్ళీ చప్పట్లు, అందరికన్నా నావే గట్టిగా. మూడో డబ్బా ఊపింది. చప్పుడు లేదు. ద్రవాలు చిందుతాయి, దూదిని వాటిలో ముంచి పెట్టమని పొద్దున టీచరుకి సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? తోడికోడలే. టీచరు పాపం, మంచి ఆలోచన అనుకుంది.

జావమ్మ ఇంకోసారి ఊపింది. అలవాటు కొద్దీ తోడికోడలు నిలబడ్డ వైపు తల తిప్పింది. వెనక నుంచి ఆవిడ వంగి చెవిలో ఏదో అంది.

"పన్నీరు," అంది జావమ్మ. "గులాబీల పన్నీరు."

టీచరు మూత తీసింది. కంపు ముందు వరసకి కొట్టింది. మూడురోజుల నాటి పాలు, పిల్లలు ముక్కు మూసుకుని గెంతులేస్తారని సరదాకి పెట్టిందట. పిల్లలు గెంతారు కూడా. "కుళ్ళిపోయిన పాలు జావమ్మా," అని నేలమీద పడి దొర్లారు. జావమ్మ రుమాలు విప్పకుండానే నవ్వింది, వాళ్ళు నవ్వుతున్నారు గనక. నేనూ నవ్వాను.

అప్పుడొక తల్లి అంది, పెద్దగా కూడా కాదు: "రోజూ మా వాడికి పాలు కాచేది ఈవిడేగా?"

నవ్వు టక్కున ఆగిపోయింది. క్రెష్ నడిపే మేనేజరమ్మ లేచి నిలబడింది.

"జావమ్మా, నీకు వాసన తెలుస్తుందా తెలియదా?"

జావమ్మ నోరు తెరిచేలోపే తోడికోడలు ముందుకొచ్చింది. "కంగారుపడకండి మేడమ్. రెండేళ్ళుగా నేనే చూసి చెప్తున్నా. నేను లేకపోతే ఏమయ్యేదో. పాపం అక్కని ఏమనకండి."

ఆ 'పాపం' అన్న తీరు మీరు వినాల్సింది.

సాయంత్రానికల్లా జావమ్మని పంపేశారు. గ్యాసు కారితే తెలియని మనిషిని పసిపిల్లలున్న చోట పొయ్యి దగ్గర పెట్టలేనంది మేనేజరమ్మ. నిజమే, ఆ మాట కాదనలేను. కానీ గేటు దగ్గర జరిగింది చెప్పాలి. జావమ్మ సంచి పట్టుకుని వెళుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు బూటు విప్పి దాని ముక్కుకి ఆనించి "ఇదేంటో చెప్పు" అన్నాడు. ఇంకోడు చేత్తో మట్టి పట్టుకొచ్చాడు. ఆట అయిపోయిందని వాళ్ళకెవరూ చెప్పలేదు మరి. ఆ బూటువాడు మావాడే. జావమ్మ వంగి ప్రతిదీ వాసన చూసినట్టు నటించి, "ఓడిపోయాను నాన్నా, నువ్వే చెప్పు" అంటూ వెళ్ళింది.

ఇప్పుడు గరిటె తోడికోడలిది. ముక్కుంది, చేయి లేదు. జావ ఉండలు కడుతోంది, సూప్ నీళ్ళలా ఉంటోంది, పిల్లలు గిన్నెలు తోసేస్తున్నారు. ఇంటికొచ్చి ఆ కోపమంతా జావమ్మ మీద. "నాకు సరిగ్గా నేర్పకుండా దాచుకున్నావు" అని సాధిస్తోందట, దాని చేతే అంట్లు తోమిస్తూ.

నిన్న మా వరండాలో కూచుని జావమ్మ అడిగింది, "టీచరమ్మా, మేనేజరమ్మకి మీరొక మాట చెప్తారా?"

"చెప్తాను. నువ్వు వండు, పొయ్యి వెలిగించేది ఇంకొకరని చెప్తాను."

"వంట అడగొద్దండీ. గిన్నెలు కడిగే మనిషి మానేసిందట. అది ఇప్పించమనండి."

"దాని కిందా? నీ తోడికోడలి కింద గిన్నెలు కడుగుతావా?"

"ఇంట్లో కడుగుతున్నానుగా టీచరమ్మా. అక్కడైతే పిల్లలుంటారు."

రాత్రంతా మేనేజరమ్మని ఏమేం అనాలో మనసులో పాఠంలా తయారు చేసుకున్నాను. ఆ పాల డబ్బా సంగతి, దూది సంగతి, అన్నీ. పొద్దున్నే జావమ్మ మళ్ళీ వచ్చి అవేమీ ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది. ఎత్తితే తోడికోడలి పని పోతుంది, వెనక గదీ పోతుంది.

ఇది క్రెష్‌లో పిల్లలు పడుకునే వేళ, మేనేజరమ్మ తీరిగ్గా ఫోనెత్తుతుంది. మిమ్మల్ని పంపించి చేస్తాను. గిన్నెల పని ఒక్కటే అడుగుతాను.